ఎవరికిచ్చావ్ నాన్నా?

 

ఈ వారం వీడియోలో కఠోపనిషత్తులోని నచికేతుడి కథ చెప్పుకున్నాం. చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కథ మొదట్లో ఆవుల దగ్గర ఒక్క నిమిషం ఆగి, నేరుగా యమధర్మరాజు ఇంటికి వెళ్ళిపోయాను. మరణం తర్వాత ఏముంది అనే ప్రశ్న అక్కడే ఉంది కదా, అందరికీ కావలసింది అదే. కానీ నిజం చెప్తున్నాను, ఆ రోజు కెమెరా ముందు కూర్చున్నప్పుడు నా మనసు ఆవుల దగ్గరే ఉండిపోయింది. దానికి కారణం మా ఇంట్లో సామాన్లు సర్దేటప్పుడు జరిగిన ఒక విషయం. వీడియోలో చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆవుల సంగతి చూద్దాం. వాజశ్రవసుడు ఒక యాగం చేస్తున్నాడు. శంకరభాష్యం దాన్ని విశ్వజిత్ అంటుంది. అందులో నియమం ఏంటంటే, తనకున్నదంతా ఇచ్చెయ్యాలి. సగం కాదు, పదోవంతు కాదు, మొత్తం. మరి ఆయన దక్షిణగా తోలించినవి ఎలాంటి ఆవులు? ముసలివి, వట్టిపోయినవి. ఇక పాలివ్వవు, ఈనవు, మేతా నీళ్ళూ కూడా సయించని స్థితిలో ఉన్నాయి. లెక్కకి దానం జరిగింది. పుచ్చుకున్నవాడికి మాత్రం చాకిరీ మిగిలింది.

అక్కడ ఒక పిల్లాడు నిలబడి ఇదంతా చూస్తున్నాడు. చిన్నవాడే. యాగం తంతు వాడికి ఎంత తెలుసో మనకి తెలీదు, కానీ ఆవులు కళ్ళకి కనిపిస్తున్నాయి కదా! ఆ చూడటంలోనే వాడిలో శ్రద్ధ మేలుకుంది అంటుంది ఉపనిషత్తు. నాన్న చేస్తున్నది నాన్నకే మంచిది కాదు అనిపించింది. అప్పుడు వెళ్ళి, తనని ఎవరికి ఇస్తావని అడిగాడు. ఒకసారి అడిగితే ఆయన పలకలేదు. మళ్ళీ అడిగాడు. మూడోసారి కూడా అడిగేసరికి తండ్రికి ఒళ్ళు మండి, నిన్ను మృత్యువుకిస్తాను పో అనేశాడు.

చాలామంది దీన్ని పిల్లాడి మొండితనంలా చెప్తారు. నాకైతే అలా అనిపించదు. ఉన్నదంతా ఇవ్వాలి అన్నావు కదా నాన్నా, మరి నేనూ నీవాడినే కదా, నా సంగతేంటి అని ఒక పిల్లాడు తనకి తెలిసిన పద్ధతిలో తండ్రిని నిలదీస్తున్నాడు. పెద్దవాళ్ళ దానంలో ఉన్న చిల్లు ముందు కనిపెట్టేది పిల్లలే.

ఇప్పుడు మన ఇళ్ళకి వద్దాం. దసరా సెలవుల్లోనో, సంక్రాంతి ముందో, అద్దె ఇల్లు మారేటప్పుడో లాఫ్ట్ మీద సామానంతా కిందికి దిగుతుంది. హాల్లో ఒక మూల పెద్ద సంచి పెడతాం. 'ఎవరికైనా ఇచ్చేద్దాం' సంచి. అందులోకి ఏం వెళ్తాయి? జిప్పు పోయిన బ్యాగు, ఒక చక్రం లేని కారు, నాలుగు ముక్కలు తక్కువైన పజిల్, కాలరు చిరిగిన చొక్కా. పైగా, పాపం ఎవరికైనా పనికొస్తుంది అంటాం. చక్రం లేని కారుతో మన పిల్లాడే ఆడడం లేదు, ఇంకో పిల్లాడు ఎందుకు ఆడతాడండీ? వాళ్ళ నాన్నకి జీతం తక్కువనా? గీత 17వ అధ్యాయంలో కృష్ణుడు దానాన్ని 3 రకాలుగా విడదీశాడు. చోటూ సమయం చూడకుండా, పుచ్చుకునేవాడి మీద గౌరవం లేకుండా పడేసినట్టు ఇచ్చేదాన్ని తామసం అన్నాడు. ఆ సంచి పక్కనే మన పిల్లలు నిలబడి చూస్తున్నారు. పనికిరానిదాన్ని ఇంకొకరికి తగిలించడాన్ని దానం అంటారన్నమాట అని నేర్చుకుంటున్నారు.

ఇక మా ఇంటి విషయం. నాది ఇంకో రకం తప్పు.

రెండేళ్ళ క్రితం మేము ఇల్లు మారాల్సొచ్చింది. హైదరాబాదులోనే, 3 గదుల ఇంటినుంచి 2 గదుల ఇంటికి. నెల రోజులు గడువు. మా పాపకి అప్పుడు 6 ఏళ్ళు. దాని సామానే ఒక గది నిండా ఉండేది. అందులో ఒక గుడ్డ కుందేలు ఉంది. ఒక చెవి ఎప్పుడో ఊడిపోయింది, కుట్లలోంచి దూది బయటికొస్తోంది. విడ్డూరం చూడండి, సరిగ్గా ఆ వారమే గీత 18వ అధ్యాయం మీద, త్యాగం అంటే ఏంటి అని వీడియో షూట్ చేశాను.

పాప స్కూలుకి వెళ్ళింది. వీధిలో పాత సామాన్లు కొనే ఆటో మైకు వినిపించింది. నేను గబగబా 3 సంచులు నింపాను. మా ఆవిడ అడ్డుపడింది. "దాన్ని అడక్కుండా ఇవ్వద్దండీ. సాయంత్రం దాకా ఆగండి" అంది. నేను వింటానా? "కళ్ళెదురుగా లేకపోతే గుర్తు కూడా రాదు" అన్నాను. ఆటో వెళ్ళిపోయింది. ఇల్లు ఖాళీ అయింది, ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయినే వైరాగ్యం అనుకున్నాను నేను.

సాయంత్రం పాప వచ్చింది. గదంతా చూసింది. ఏడుస్తుందేమో అనుకుని చాక్లెట్ సిద్ధం చేసుకున్నాను. ఏడవలేదు.

"కుందేలు ఏది నాన్నా?"

"ఇచ్చేశాం తల్లీ. కొత్తింట్లో చోటు చాలదు కదా."

"ఎవరికిచ్చావ్?"

నాకు తెలీదు. ఆటో అతను దాన్ని ఏం చేస్తాడో, ఎక్కడ పారేస్తాడో నాకేం తెలుసు? "వేరే పాపకి" అని అబద్ధమాడాను. "ఏ పాపకి?" అంది. ఇంక మాట్లాడలేకపోయాను. అప్పటికి నచికేతుడి కథ నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఎవరికిస్తావు అనే ఆ ప్రశ్న మాత్రం నా చెవిన పడింది ఆ రోజే.

మర్నాడే కొత్త కుందేలు ఆర్డర్ పెట్టాను. రెండు చెవులూ ఉన్నది, పాతదానికంటే పెద్దది. పాప దాన్ని తీసుకుని "థాంక్యూ నాన్నా" అని షెల్ఫులో పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు.

భాగవతం దశమ స్కంధంలో నృగ మహారాజు కథ ఉంది, తెలిసే ఉంటుంది. ఆయన దానం చేసిన గోవులకి లెక్కే లేదు. వాజశ్రవసుడిలా కాదు, పాలిచ్చే మంచి ఆవుల్నే అలంకరించి మరీ ఇచ్చాడు. అయితే ఒకసారి, ఒక బ్రాహ్మణుడికి ఇచ్చిన ఆవు దారి తప్పి మళ్ళీ రాజుగారి మందలోనే కలిసిపోయింది. అది తెలీక రాజు దాన్ని ఇంకొకరికి దానం చేశాడు. ఇద్దరూ నాదంటే నాదని వచ్చారు. రాజు వణికిపోయి, ఈ ఒక్క ఆవుకి బదులు లక్ష మేలైన ఆవులు ఇస్తానన్నాడు. ఆ ఆవు అసలు ఎవరిదో ఆయన, నాకేం వద్దు అనేసి వెళ్ళిపోయాడు. రెండో ఆయన కూడా అంతే. అంత దానశీలుడూ ఆ ఒక్క పొరపాటుకి ఊసరవెల్లిగా పుట్టి పాడుబడ్డ బావిలో పడి ఉన్నాడు. ఆడుకుంటూ దాహం వేసి నీళ్ళ కోసం వెతుకుతున్న యాదవ బాలురు చూసి కృష్ణుడికి చెప్తే, స్వామి వచ్చి ఎడమ చేత్తో బయటికి తీశాడు.

నృగుడు తెలీక చేశాడు. నేను తెలిసి చేశాను. "పిల్లల బొమ్మే కదా, డబ్బు పెట్టి కొన్నది మనమే కదా" అంటారేమో. పుట్టినరోజుకి వాళ్ళ చేతిలో పెట్టి, ఇది నీదే అన్నామా లేదా? అన్న క్షణమే అది వాళ్ళ ఆవు అయిపోయింది. ఒకరి వస్తువు వాళ్ళకి చెప్పకుండా తీసి ఇచ్చెయ్యడానికి శాస్త్రంలో త్యాగం అనే పేరు లేదు. వాడుకలో దాన్ని ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్త కుందేలు అంటే రాజుగారి లక్ష ఆవులన్నమాట. పాప వద్దనకుండా తీసుకుంది, అంతే తేడా.

పోనీ నావే ఇచ్చాననుకుందాం. 18వ అధ్యాయం 8వ శ్లోకంలో స్వామి ఇంకో మాట అంటాడు. కష్టంగా ఉంది, శరీరానికి శ్రమ అవుతుంది అని వదిలేస్తే అది రాజసమైన త్యాగం, దానికి త్యాగఫలం దక్కదు అని. అక్కడ ప్రస్తుతం చేయవలసిన కర్మల గురించి, నిజమే. కానీ సామాన్లకి అన్వయించుకుని చూడండి. సర్దలేక, చోటు లేక, విసుగొచ్చి పారేసి, ఆ తేలికదనాన్ని ఆధ్యాత్మికం అనుకోవడం ఈమధ్య బాగా ఎక్కువైంది. ఖాళీ గోడలు, తెల్ల సోఫా, ఒక మొక్క పెట్టి ఫొటో తీసుకోవడం వైరాగ్యం కాదు. దానికీ ఈఎమ్ఐ ఉంటుంది.

తర్వాత జరిగింది చెప్తాను. కొత్తింట్లో కొన్నాళ్ళకి పాప దిండు గట్టిగా తగులుతోందని గలీబు విప్పి చూస్తే, లోపల పెన్సిల్ ముక్కలు, చాక్లెట్ కాగితాలు, విరిగిన జుట్టు క్లిప్పు, అగ్గిపెట్టెలో రెండు చింతగింజలు ఉన్నాయి. రోజూ స్కూలుకి వెళ్ళేముందు అలమర తెరిచి ఒకసారి చూసుకుని మరీ వెళ్ళేది. నేను మమకారం తగ్గిద్దామనుకున్నాను. లాక్కోవడం వల్ల అది పదింతలైంది. ఇంతకుముందు పారేసే చెత్త కూడా ఇప్పుడు దానికి నిధి అయిపోయింది.

ఆ ఏడు వినాయక చవితికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. దిండులో సామాను తన కంట పడింది. పాపని ఏమీ అనలేదు, నన్నే పిలిచింది. విషయం అంతా చెప్పాను. "ఒరే, మన ఇంట్లో వస్తువు పోయేది కాదురా. మారేది" అంది.

ఆలోచిస్తే నిజమే. మా చిన్నప్పుడు అమ్మ చీర పాతబడితే ముందు చెల్లికి ఉయ్యాల అయింది. ఉయ్యాల అవసరం తీరాక అలాంటి నాలుగు చీరలు కలిపి నాయనమ్మ బొంత కుట్టింది. బొంత చిరిగితే ముక్కలు మసిగుడ్డలయ్యాయి. అన్నయ్య పుస్తకాలు నాకు, నావి పక్కింటివాళ్ళకి. చివరికి మిగిలినవి స్టీలు సామాన్ల ఆమెకి వేస్తే ఒక గిన్నె వచ్చేది. అది ఏ చీరకి వచ్చిన గిన్నో అమ్మకి ఇప్పటికీ గుర్తే. ప్రతి వస్తువు ఎటు వెళ్తోందో పిల్లలం మా కళ్ళతో చూసేవాళ్ళం, అందుకే వెళ్తుంటే భయం వేసేది కాదు. ఇప్పుడు వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు, డబ్బాలో వస్తుంది. ఎటు పోతుందో తెలీదు, సంచిలో పోతుంది. మధ్యలో ఉన్న కాసేపు పిల్లలు గట్టిగా పట్టుకుంటారు మరి, వాళ్ళ తప్పేముంది?

చవితి రోజు పాప, నాయనమ్మ కలిసి మట్టితో వినాయకుణ్ణి చేశారు. ఒక పక్కకి కాస్త ఒరిగాడు, తొండం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. పాలవెల్లి కట్టాం, పత్రి తెచ్చాం, పాప తన పుస్తకాలకి పసుపు కుంకుమ పెట్టి స్వామి దగ్గర పెట్టింది. మూడోరోజు బకెట్లో నిమజ్జనం అన్నాం. పాప స్వామి ముందు చేతులు అడ్డం పెట్టి కూర్చుంది. "ఇవ్వను. నేను చేశాను."

నాకు లోపలినుంచి ఉపన్యాసం వచ్చేస్తోంది. అమ్మ కళ్ళతోనే నన్ను ఆపింది. "సరే బుజ్జీ, ఉంచుకుందాం. కానీ ఉన్నన్నాళ్ళూ రోజూ దీపం పెట్టాలి, నైవేద్యం పెట్టాలి. నువ్వే చెయ్యాలి మరి" అంది. పాప చేసింది. ఒక రోజు బెల్లం ముక్క, ఒక రోజు తన టిఫిన్ డబ్బాలోంచి సగం ఇడ్లీ. అయిదోరోజు సాయంత్రం తనే వచ్చి, "నాయనమ్మా, వినాయకుడు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాలి కదా?" అని అడిగింది. హారతి ఇచ్చాం, ఉద్వాసన చెప్పాం. పాప తన చేతులతోనే స్వామిని నీళ్ళలోకి దింపింది. మేమెవరం పట్టుకోలేదు. వంగి చూస్తూ కూర్చుంది. ముందు తొండం మెత్తబడింది, తర్వాత ఒక పక్క జారిపోయింది. "చెవి ఊడిపోయింది" అంది మెల్లగా. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ మట్టినీళ్ళు బాల్కనీలో చామంతి కుండీలో పోశారు. రోజూ పొద్దున్నే పాప ఆ కుండీకి నీళ్ళు పోసేది.

మన పెద్దవాళ్ళు ఎంత ఆలోచించారో చూడండి. ఇంటింటా ఏటా పిల్లల చేత బొమ్మ చేయించి, దాన్ని దేవుణ్ణి చేసి, ప్రేమ పెంచుకున్నాక నీళ్ళలో కలిపే పండగ పెట్టారు. తెలంగాణలో బతుకమ్మ అంతే కదా. పొద్దున్నించీ కూర్చుని వరసలు వరసలుగా పూలు పేర్చి, పాడి, ఆడి, చీకటిపడే వేళకి చెరువులో వదిలేస్తారు. పేర్చిన చేతులే వదులుతాయి. భోగి మంటలో పిల్లలు వేసే పిడకల దండ కూడా వాళ్ళు ఎండబెట్టి గుచ్చుకున్నదే. ఎక్కడా ఇంకొకరు లాక్కోవడం లేదు. పిలవడం ఉంది, ఉన్నన్నాళ్ళూ మర్యాద ఉంది, వెళ్ళేముందు వీడ్కోలు ఉంది, ఎక్కడికి వెళ్తోందో చూడటం ఉంది. నా కుందేలు విషయంలో ఇందులో ఒక్కటీ లేదు.

భోగి మాట వచ్చింది కాబట్టి ఒక మాట. పాతవి తగలబెట్టాలన్నారు కదా అని ప్లాస్టిక్ బొమ్మలు, టైర్లు మంటలో వేయకండి. ఆ పొగ పీల్చేది పక్కనే నిలబడ్డ పిల్లలే. అలాగే పాత దేవుడి పటాలు, పెళ్ళి శుభలేఖలు, క్యాలెండర్లు ఏం చెయ్యాలని చాలామంది అడుగుతుంటారు. తీసుకెళ్ళి గుళ్ళో రావిచెట్టు కింద వదిలేయకండి. మన ఇంట్లో ఎవరు సర్దాలి అని బాధపడి, ఆ పని గుడి ఊడ్చే ఆమెకి అప్పగించినట్టు అవుతుంది. నేను చేసేది చెప్తాను. ఒక దండం పెట్టుకుని అద్దం, ఫ్రేము విడదీస్తాను, అవి ఇంకో పటానికి పనికొస్తాయి. కాగితం నీళ్ళలో నానబెట్టి కుండీ మట్టిలో కలుపుతాను. లామినేషన్ ఉన్నవి ఇలా కరగవు, అందుకే ఇకమీదట అలాంటివి కొనకపోవడమే మంచిది.

కొనకపోవడం అన్నానే, అసలు సంగతి అక్కడుంది. యోగశాస్త్రంలో యమాల్లో చివరిది అపరిగ్రహం. దాన్ని మనం 'ఉన్నవి వదిలెయ్యడం' అనుకుంటాం. వ్యాసభాష్యం చూస్తే, సంపాదించడంలో, కాపాడుకోవడంలో, పోగొట్టుకోవడంలో ఉన్న దోషాలు తెలుసుకుని అసలు పుచ్చుకోకపోవడం అని వివరిస్తుంది. అంటే అపరిగ్రహం ఉండాల్సింది లాఫ్ట్ దగ్గర కాదు, వీధి గుమ్మం దగ్గర. లోపలికి వచ్చాక పిల్లాడితో వదిలించాలంటే యుద్ధమే. బర్త్‌డే పార్టీకి వెళ్తే వాళ్ళిచ్చే రిటర్న్ గిఫ్ట్, మనం పిలిస్తే మనం ఇచ్చే రిటర్న్ గిఫ్ట్, ఆఫర్ ఉందని రాత్రి 11 గంటలకి పెట్టే ఆర్డరు... ఇవన్నీ తెచ్చింది మనం. వదలమని చెప్పేది మాత్రం పిల్లలకి! ఈ విషయంలో పిల్లలకంటే మనకే పాఠం ఎక్కువ కావాలి.

అలాగని ఇల్లంతా ఊడ్చెయ్యమని మన ధర్మం ఎక్కడా చెప్పలేదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళల్లో అమ్మమ్మల కాలంనాటి కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు రంగు వెలిసినా ఇప్పటికీ మెట్లమీద కూర్చుంటాయి. ఏటా తీసి, తుడిచి, పేరు పెట్టి పిలిచి, మళ్ళీ గుడ్డలో చుట్టి లోపల పెడతారు. అలా చూసుకునే వస్తువు ఎంత పాతదైనా చెత్త కాదు. ఏడాదిలో ఒక్కసారి కూడా ముట్టుకోనిది కొత్తదైనా చెత్తే.

ఇదే మాట నన్ను కుట్టింది. మా లాఫ్ట్ మీద నాదొక హార్మోనియం ఉంది. మంచిదే, మెట్లన్నీ పలుకుతాయి. ఎప్పటికైనా నేర్చుకుంటానని 15 ఏళ్ళుగా గుడ్డ చుట్టి పెట్టాను. ఇల్లు మారినప్పుడు పాప కుందేలికి చోటు లేదన్న నేను, ఈ పెట్టెకి మాత్రం చోటు చూశాను. సంక్రాంతికి ముందు దాన్ని కిందికి దించి తుడుస్తుంటే పాప వచ్చి పక్కన కూర్చుంది. మా వీధి రామాలయంలో శనివారం భజనకి వచ్చే ఒక కుర్రాడు హార్మోనియం నేర్చుకుంటున్నాడు, అతనికి ఇస్తున్నానని చెప్పాను.

"నీకు బాధగా లేదా?"

"ఉంది."

"మరి ఎందుకిస్తున్నావ్?"

"నా దగ్గర ఇది పలకడం లేదమ్మా."

గుడికి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆ అబ్బాయి అక్కడే కూర్చుని వాయించాడు. దారిలో పాపకి కుందేలు విషయం మొదటిసారి నిజం చెప్పాను. ఎవరికిచ్చానో నాకు తెలీదని, నిన్ను అడగకపోవడం నా తప్పని, అబద్ధం కూడా చెప్పానని. అది కాసేపు నడిచి, "నేను నా బొమ్మలు ఇవ్వనంటే నీకు కోపం వస్తుందా?" అని అడిగింది.

చూడండి, యముడు 3 వరాలు కోరుకోమంటే నచికేతుడు మొట్టమొదట అడిగింది స్వర్గం కాదు, బ్రహ్మవిద్య కాదు. మా నాన్న కోపం చల్లారాలి, నేను తిరిగి వెళ్తే నన్ను ప్రేమగా పలకరించాలి అని. మృత్యువు ఇంటి ముందు 3 రాత్రులు తిండి లేకుండా కూర్చున్న పిల్లాడి మనసులో మెదులుతున్నది నాన్న కోపం. ఆ తర్వాత యముడు ఏనుగులు, గుర్రాలు, బంగారం, రథాలు చూపించినా వద్దనగలిగాడు. నేను ఇన్నాళ్ళూ ఆ వద్దనడం గురించే గొంతెత్తి చెప్పాను. దానికి ముందున్న వరం గురించి గబగబా చెప్పి వెళ్ళిపోయేవాణ్ణి.

"రాదు" అన్నాను పాపతో. "నీవి నీ ఇష్టం." ఇలా మాటిచ్చాక కట్టుబడి ఉండటం అంత తేలిక కాదు, ముందే చెప్తున్నాను. గది నిండిపోతుంది, కాళ్ళకి అడ్డం పడతాయి, నోరు జారబోతుంది. మేము ఒక్కటే నియమం పెట్టుకున్నాం. ఒక పెట్టె పాపది. అందులో ఏముందో మేము అడగం, ముట్టుకోం, వెక్కిరించం. మిగతావి వీలున్నప్పుడు తనతో కూర్చుని తీస్తాం. ఒక్కో బొమ్మ చేతిలోకి తీసుకుని, ఇది ఎవరిచ్చారో, దీంతో ఏం ఆడుకుందో అది చెప్తుంది. కథ చెప్పడం అయ్యాక కొన్నిసార్లు 'చాలు' అని పక్కన పెట్టేస్తుంది. కొన్నిసార్లు మళ్ళీ లోపల పెట్టేసుకుంటుంది. ఒక ఆదివారం మొత్తానికి 2 బొమ్మలే బయటికొచ్చాయి. మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది, నేను కూడా నవ్వేశాను. చిరిగినవి, విరిగినవి మాత్రం ఎవరికీ ఇవ్వం. కుట్టగలిగితే కుడతాం, లేకపోతే చెత్తబుట్టే. మంచివి తుడిచి, ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూసి, ఎవరికో అనుకుని, పాపే వెళ్ళి ఇస్తుంది.

మొన్న సంక్రాంతికి కింద ఇంట్లో 4 ఏళ్ళ పాపకి భోగిపళ్ళు పోస్తుంటే మా అమ్మాయి తన లక్కపిడతల సెట్టు తీసుకొచ్చింది. అమ్మ ఏటికొప్పాక నుంచి తెప్పించింది అది. దానికి చాలా ఇష్టం, నాకు తెలుసు. వద్దు, అది ఉంచుకో అనబోయి ఆగాను. ఆ పిల్ల ఒళ్ళో పెట్టి, ఏది పొయ్యో, ఏది తిరగలో, అన్నం ముందు వండాలా పప్పు ముందు వండాలా అన్నీ ఓపిగ్గా చూపించింది. ఇంటికొచ్చాక చూస్తే అన్నిటికంటే చిన్న పిడత ఒకటి తన పెట్టె పక్కనే ఉంది. సెట్టు పూర్తిగా ఇవ్వాలి కదా అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇప్పుడు దానికి 8 ఏళ్ళు. దిండులో ఏమీ దాచడం లేదు. కానీ ఎప్పుడైనా రోడ్డు మీద పాత సామాన్ల ఆటో మైకు వినిపిస్తే బాల్కనీలోకి వెళ్ళి చూస్తుంది. "నాన్నా, అది ఎవరి దగ్గరుండి ఉంటుంది?" అని అడుగుతుంది.

"తెలీదమ్మా" అంటాను.